పోయిన చోట వెతకొద్దు, చెల్లీ

మొన్న ఆదివారం రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. అమెరికాలో ఉన్న మన ఆడవాళ్లకి ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ముందు గుర్తొచ్చేది ఊళ్లో ఉన్న పెద్దవాళ్లే. గుండె గుప్పెట్లో పెట్టుకుని తీశాను. మా పిన్ని కూతురు. ఇక్కడే, న్యూజెర్సీలో, మా ఎడిసన్‌కి అరగంట దూరంలో ఉంటుంది.

"అక్కా, నాకు శని పట్టింది" అంది ఏడుపు గొంతుతో.

"ఏమైందే? పిల్లాడు బాగున్నాడా? మరిదిగారు?"

"అందరూ బాగానే ఉన్నారు. కింగు పడింది."

"ఏ కింగు?"

"రివర్‌లో."

అప్పటికి నా ఊపిరి నాకు దక్కింది. వెంటనే నవ్వూ వచ్చింది గానీ బిగబట్టుకున్నాను. ఏడుస్తున్న మనిషి ముందు నవ్వితే పాపం తగులుతుంది. పైగా అదే కింగు చేతిలో నేనూ ఏడ్చినదాన్నే.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మన రమ్మీలో చేతికి పదమూడు ముక్కలొస్తాయి. పోకర్‌లో, అదే ఎక్కువమంది ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో, చేతికి రెండే. మిగతా ఐదూ బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. ఆ ఆఖరి ముక్కనే రివర్ అంటారు. మన రెండూ బల్ల మీది ఐదూ కలిపి, వాటిలో మేలైన ఐదు ఎవరికి కుదిరితే వాళ్లదే పందెం. చేతికి రాగలిగిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఆసుల జత. ఆ రాత్రి ఆన్‌లైన్‌లో ఆడుతుంటే మా చెల్లికి అదే వచ్చింది. ఎదుటివాడికి కింగుల జత. ఇద్దరూ ఉన్నదంతా మధ్యలోకి తోసేశారు. నాలుగు ముక్కలు పడేదాకా చెల్లిదే పైచేయి. ఐదోది కింగు, దాంతో వాడివి మూడు కింగులయ్యాయి.

"ఇది నాకే ఎందుకు జరుగుతుంది అక్కా? ఈ వారంలో ఇది మూడోసారి. ఆ సైటువాళ్లే ఏదో చేస్తున్నారు. నువ్వే చూడు, ఈ రాత్రికే మొత్తం వెనక్కి తెచ్చుకుంటాను."

ముందు మాటలన్నీ బాధలో వచ్చినవి. ఆఖరి మాట విన్నాక నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "లాప్‌టాప్ మూసెయ్. మూసిన చప్పుడు నాకు వినపడాలి" అన్నాను. వినపడింది. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ ముచ్చట్లే ఇవి. పేకముక్క పట్టని వాళ్లకి కూడా ఎక్కడో ఒకచోట పనికొస్తాయనే రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. మేముండే న్యూజెర్సీలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడడం 2013 నవంబరు నుంచీ చట్టబద్ధం. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లు లైసెన్సున్న సైట్లలో ఆడుకోవచ్చు. మన దేశంలో అలా కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెంతో నడిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అది నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడలేదు. కాబట్టి ఇది చదివి అక్కడెవరూ పేక తెరవకండి. నేను చెప్పబోయేది ఆడడం గురించి కాదు, ఓడినప్పుడు మనసుని పట్టుకోవడం గురించి.

సరే, శని సంగతి చూద్దాం.

మన భారతంలో జూదగాళ్ల కథ ఒకటి కాదు, రెండున్నాయి. ధర్మరాజు సంగతి అందరికీ తెలుసు. అడవికి వెళ్లాక ఆయన బృహదశ్వుడనే ముని దగ్గర కూర్చుని, నాకంటే దురదృష్టవంతుడు ఈ లోకంలో ఉన్నాడా అని వాపోయాడు. మా చెల్లి అర్ధరాత్రి చేసిన ఫోను కూడా అలాంటిదే. ఆ ముని ఊరుకోబెట్టలేదు. నలమహారాజు కథ చెప్పాడు.

నలుడిలో కలిపురుషుడు దూరాడు. నలుడు తన సోదరుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు, అడవిలో భార్య దమయంతికి దూరమయ్యాడు. చివరికి ఋతుపర్ణుడనే రాజు దగ్గర రథం తోలే పనికి కుదిరాడు. ఒకరోజు ప్రయాణంలో ఋతుపర్ణుడు తాని చెట్టుని చూసి ఆకులెన్నో కాయలెన్నో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నలుడు నమ్మలేక రథం ఆపి లెక్కపెట్టాడు. సరిపోయింది. ఆ విద్య నాకు చెప్పమన్నాడు. తనకు తెలిసిన గుర్రాల విద్య ఇచ్చి, పాచికల మర్మమైన అక్షహృదయం పుచ్చుకున్నాడు. ఆ విద్య ఒంటబట్టిన క్షణంలోనే కలి బయటికొచ్చేశాడు. పూజలు చేస్తేనో తాయెత్తు కడితేనో పోలేదమ్మా, లెక్క వస్తే పోయాడు.

అందుకే ఆ రాత్రి చెల్లితో ముందు లెక్కలే మాట్లాడాను. 

"ఆసుల జత ఎన్ని చేతులకోసారి వస్తుంది?" అన్నాను. తెలియదంది. 221 చేతులకి ఒకసారి (ఒకసారి ముక్కలు పంచి ఆడేది ఒక చెయ్యి). అంత అరుదు కాబట్టే అది రాగానే మనకి రాజ్యం వచ్చినంత సంబరం. ఆ సంబరంలో మర్చిపోయేదేమిటంటే, ఎదుటివాడికి కింగుల జత ఉన్నప్పుడు ఆసులు గెలిచేది నూటికి దాదాపు 82 సార్లు. నూటికి నూరు కాదు. మిగతా 18 ఎక్కడికి పోతాయి? ఎవరికో ఒకరికి పడాలిగా! మొన్న నీకు పడింది. ఇంకో సంగతి. నాలుగు ముక్కలు పడ్డాక, కనపడని ముక్కలు 44 మిగులుతాయి. వాటిలో కింగులు రెండు. అంటే 22 సార్లలో ఒకసారి ఆ కింగు దిగాల్సిందే. దిగింది.

"మరి వారంలో మూడుసార్లా?" అంది.

అదీ లెక్కే. అట్లాంటిక్ సిటీలో కాసినోకి వెళ్లి మనుషుల మధ్య కూర్చుంటే గంటకి పాతిక ముప్పై చేతులు నడుస్తాయి. పంచాలి, చిప్పులు లెక్కపెట్టాలి, ఎవరో కాఫీ తాగాలి. ఆన్‌లైన్‌లో అవేం లేవు. ఒక్క టేబుల్ మీదే గంటకి 60, 70 చేతులు గడిచిపోతాయి. మా చెల్లి రెండు టేబుళ్లు పక్కపక్కన పెట్టుకుని ఆడుతుంది. కాసినోలో వారాంతమంతా కూర్చుంటే చూసేన్ని చేతులు ఒక్క సాయంత్రంలో చూసేస్తోందన్న మాట. అదృష్టం నూటికి ఇంత అన్న పాలు మారలేదు, దురదృష్టమూ మారలేదు. గడియారం మాత్రం పరుగెత్తుతోంది. ఏడాదిలో తినాల్సిన దెబ్బలు నెలలో తింటే, పగబట్టి కొడుతున్నారనే అనిపిస్తుంది.

ఇంకా ఒకటుంది. ఆసులతో గెలిచిన చేతులు నీకెన్ని గుర్తున్నాయి చెప్పు? ఒక్కటీ గుర్తుండదు. భోజనం చేసి లేచాక ఎన్ని ముద్దలు బాగున్నాయో ఎవరూ చెప్పరు. పంటి కింద రాయి పడ్డ ముద్ద మాత్రం సాయంత్రం దాకా చెప్పుకుంటాం. పోకర్ జ్ఞాపకాలన్నీ రాళ్లే.

సైటువాళ్ల మోసం సంగతి? అనుమానం తప్పని నేననను. 2007, 2008లో రెండు సైట్లలో లోపలివాళ్లే ఎదుటివాళ్ల ముక్కలు కనపడేలా చేసుకుని ఆడిన బాగోతం నిజంగానే బయటపడింది. ఎలా బయటపడిందో చూడు. ఆటగాళ్లు వేల చేతుల చిట్టాలు ముందేసుకుని, ఈ లెక్కన గెలవడం మనిషికి సాధ్యం కాదని తేల్చారు. ఒక్క రివర్ కింగుని పట్టుకుని ఎవరూ తేల్చలేదు. మా రాష్ట్రంలో లైసెన్సున్న సైట్ల ముక్కలు కలిపే ప్రోగ్రాముని ప్రభుత్వ శాఖ పరీక్షిస్తుంది. అనుమానముంటే చిట్టా దింపుకుని లెక్క చూడు. లెక్క చూడకుండా తిట్టావంటే, ఆ తిట్టు సైటుకి తగలదు. మర్నాడు ఇంట్లోవాళ్లకి తగులుతుంది.

ఇంకో భ్రమ కూడా ఉంది. ఇన్నిసార్లు ఓడాను కాబట్టి ఇక నా వంతు వచ్చి తీరుతుందనుకోవడం. 1913 ఆగస్టులో మాంటే కార్లో కాసినోలో రౌలెట్ చక్రం మీద నలుపు వరసగా 26 సార్లు పడింది. ఈసారి ఎరుపే, ఈసారి ఎరుపే అంటూ జనం పందెం పెంచుకుంటూ పోయి నిండా మునిగారు. మన పెళ్లి ముహూర్తమేమిటో వానకి తెలియనట్టే, మనమెన్నిసార్లు ఓడామో పేకకి తెలియదు.

ఇక కోపం సంగతి. పోకర్ వాళ్లు దీన్ని టిల్ట్ అంటారు. పాత పిన్‌బాల్ మిషన్లున్నాయి చూశావా, గోళీ మనం అనుకున్న వైపు పోవడం లేదని కోపంతో బల్లని కుదిపితే, దాని మీద టిల్ట్ అని దీపం వెలిగి మిషన్ మొరాయించేది. అక్కడి నుంచి వచ్చిన మాట. మనకంత దూరం వెళ్లే పని లేదు, అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే ఇది. కింగు మీది కోపం తర్వాతి చేతి మీద చూపిస్తాం. పారెయ్యాల్సిన ముక్కల్ని పట్టుకుని కూర్చుంటాం. మొన్న గెలిచినవాడి మీద కక్ష కట్టి, వాడు ఏ పందెం వేసినా ఎదురు వేస్తాం. వాడెవడో మనకి తెలియదు, మనమెవరో వాడికి తెలియదు. దుత్త పగిలాక నేల పాలయ్యేది మాత్రం మన పెరుగే.

నా సంగతి చెప్పనా? మీ బావగారికి కూడా ఆర్నెల్ల తర్వాతే చెప్పాను. 

కొన్నేళ్ల కిందట, జనవరిలో ఒక రాత్రి. బయట మోకాలెత్తు మంచు. నాకు ఆటకని విడిగా ఒక లెక్క ఉండేది, 500 డాలర్లు. ఇంటిఖర్చులోది కాదు. మన అమ్మలు పోపుల డబ్బా అడుగున దాచుకునేవాళ్లు చూడు, అలాంటిది. నేనాడేది పది సెంట్లు, పాతిక సెంట్ల టేబుల్. కూర్చోవాలంటే 25 డాలర్లు చాలు. ఆ రాత్రి ఫుల్ హౌస్ అనే బలమైన కూర్పు పట్టుకుని, అంతకంటే పెద్ద ఫుల్ హౌస్ చేతిలో ఓడిపోయాను. పోయింది 25 డాలర్లే. అక్కడితో లేచి పడుకుంటే కథ లేదు.

నేనేం చేశాను? ఆ 25 డాలర్లూ పాతిక సెంట్ల టేబుల్ మీద తిరిగి రావాలంటే తెల్లారుతుందని, డాలర్, రెండు డాలర్ల టేబుల్‌కి వెళ్లి 200 పెట్టి కూర్చున్నాను. పావుగంటలో అవి పోయాయి. ఇంకో 200 పెట్టాను. అవీ పోయాయి. గడియారం చూస్తే మొత్తం నలభై నిమిషాలు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, మొదటి 25 డాలర్లూ దురదృష్టం ఖాతాలో రాసుకోవచ్చు. మిగతా 400 మాత్రం నా ఖాతాలోవే. అదృష్టం అందలం ఎక్కిస్తానంటే బుద్ధి బురదలోకి లాగిందని సామెత. నా విషయంలో అదృష్టం అందలమేమీ ఎక్కించలేదు గానీ, బురదలోకి లాగింది మాత్రం అచ్చంగా నా బుద్ధే.

ఆ నలభై నిమిషాలూ నా చెవిలో మోగిన మాట ఒకటే, మా అమ్మమ్మ మాట. చిన్నప్పుడు బావి దగ్గర నా చెవి దుద్దు పడిపోతే, పోయిన చోటే వెతుక్కోవాలే పిల్లా అంది. వెతికితే గిలక కింద దొరికింది. దుద్దుకి ఆ మాట సరిపోతుంది, చెల్లీ. దుద్దుకి కాళ్లు లేవు, పడిన చోటే ఉంటుంది. పోకర్‌లో పోయిన డబ్బు టేబుల్ మీద ఉండదు. అది అప్పుడే ఇంకొకడి లెక్కలోకి వెళ్లిపోయింది. నువ్వు వెతికేచోట ఉన్నది నీ దుద్దు కాదు, నీ రెండో దుద్దు కూడా ఊడి పడడానికి సిద్ధంగా ఉన్న బావి.

ధర్మరాజు చేసిన తప్పు కూడా ఇదే. మొదటి జూదంలో పోయినదంతా ద్రౌపది పుణ్యమా అని తిరిగి వచ్చింది. రథాలెక్కి ఇంటిదారి పట్టారు. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో వచ్చినవే. నలుడూ రెండోసారి పుష్కరుడితో ఆడాడు, గెలిచాడు. తేడా ఏమిటి? నలుడు మధ్యలో లెక్క నేర్చుకుని వెళ్లాడు, ధర్మరాజు పిలుపు వినగానే వెళ్లాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆ రాత్రి చెల్లి నన్నో మంచి ప్రశ్న అడిగింది. "అయితే నేను తప్పు ఆడానా, రైటు ఆడానా?" 

రైటే ఆడావమ్మా. నూటికి 82 పాళ్లు నీ వైపున్నప్పుడు డబ్బు మధ్యలో పెట్టడం మంచి నిర్ణయం. ఫలితం చెడ్డది. ఈ రెండూ వేర్వేరు. ఆనీ డ్యూక్ అని పెద్ద పోకర్ క్రీడాకారిణి, 2004లో ఛాంపియన్ల టోర్నమెంటు గెలిచి 20 లక్షల డాలర్లు తెచ్చుకుంది. 2018లో నిర్ణయాల మీద ఒక పుస్తకం రాసింది. ఫలితాన్ని చూసి నిర్ణయం మంచిదో చెడ్డదో చెప్పేయడమే మనుషులు చేసే పెద్ద తప్పని ఆవిడ వాదన. మన ఇళ్లలో చూడు. ఎండ చూసుకుని ఒడియాలు పెడతాం, మధ్యాహ్నం ఎక్కడిదో మబ్బు వచ్చి తడిపేస్తుంది. ఆ మాత్రం తెలియదా అని అత్తగారు అంటుంది. తెలిసే పెట్టాం. పక్కింటావిడ ముసురులో పెడితే అదృష్టవశాత్తూ ఎండ కాసింది. ఆవిడని అందరూ మెచ్చుకున్నారు. మళ్లీ ముసురులో పెట్టమను, తెలుస్తుంది.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చేదుగా ఉంటుంది. చెత్తగా ఆడి గెలిచిన రాత్రులు కూడా మన లెక్కలోకి రాకూడదు. అప్పుడు గెలిపించింది మన తెలివి కాదు. ఓడితే దురదృష్టం, గెలిస్తే నా ప్రతిభ అనుకునేవాళ్లు ఈ ఆటలో ఎప్పటికీ ఏమీ నేర్చుకోలేరు.

మరియా కొన్నికోవా అని ఇంకో ఆవిడ ఉంది. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసిన రచయిత్రి. అదృష్టం పాలెంత, మన పాలెంత అని తెలుసుకుందామని, పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియని స్థితిలో పోకర్ మొదలుపెట్టింది. ఎరిక్ సీడెల్ అనే ఉద్దండుడి దగ్గర శిష్యరికం చేసింది. 2018 జనవరిలో బహామాస్‌లో ఒక టోర్నమెంటు గెలిచి 84,600 డాలర్లు అందుకుంది. రివర్‌లో ఎలా ఓడిపోయానో చూడండి అని ఆవిడ మొదలుపెడితే ఆ గురువు వినేవాడు కాదట. నువ్వెలా ఆలోచించావో చెప్పు, ముక్క ఏం పడిందో నాకు అనవసరం అనే ధోరణి ఆయనది. దురదృష్టం కథని పదిమందికీ చెప్పినకొద్దీ అది మనసులో పాతుకుపోతుంది, ఆడాల్సిన బుర్ర ఏడ్చే బుర్ర అయిపోతుంది.

గురువు వినకపోవచ్చు గానీ, అక్క వినాలి. ఒక్కసారి వింటాను. అందుకే మా ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. చెడ్డ చేతి కథ ఒక్కసారే, రెండు నిమిషాల్లో. ఆ తర్వాత నేనడిగే ప్రశ్న ఒకటే, మళ్లీ అవే ముక్కలొస్తే అలాగే ఆడతావా? అవునంటే ఆ కథ ముగిసింది. కాదంటే నోట్‌బుక్‌లో రాసుకో, రేపు చూద్దాం.

ఇంకా కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఇవి నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి.

ఆట డబ్బుల డబ్బా విడిగా ఉండాలి. ఒకసారి కూర్చోవడానికి ఎంత పెడతావో దానికి ఇరవై ముప్పై రెట్లన్నా ఆ డబ్బాలో ఉండాలి. లేకపోతే ఇంకా చిన్న టేబుల్‌కి వెళ్లు. డబ్బాలో ఉన్నదంతా పోయినా పిల్లాడి ఫీజు, పాల బిల్లు, మరిదిగారి నిద్ర కదలకూడదు. అది ఖాళీ అయితే క్రెడిట్ కార్డు వైపు చూడొద్దు. 

ఓడిన రాత్రి పెద్ద టేబుల్ ఎక్కొద్దు. ఈ ఒక్క కట్టుబాటు నాకుండి ఉంటే ఆ 400 డాలర్లూ నా దగ్గరే ఉండేవి.

పెద్ద దెబ్బ తగలగానే కుర్చీలోంచి లేవాలి. పంచిన ముక్కలు పంచినట్టే ఉండనీ. మొహం కడుక్కో, నాలుగు గిన్నెలు తోముకో, పిల్లాడి దుప్పటి సరిచేసి రా. పది నిమిషాల తర్వాత కూడా ఆ కింగే కళ్ల ముందుంటే ఆ రోజుకి ఆట లేదు. ఇంట్లో పోట్లాడిన రోజు, నిద్ర లేని రోజు, ఆఫీసులో మాట పడిన రోజు అసలు తెరవనే వద్దు. ఆ రోజు దుత్తలు ముందే సిద్ధంగా ఉంటాయి.

చల్లగా ఉన్నప్పుడే తలుపులు వేసుకోవాలి. ఇక్కడి సైట్లలో వారానికి ఇంతకంటే ఎక్కువ డబ్బు వేయకుండా, రోజుకి ఇంతసేపటి కంటే ఎక్కువ ఆడకుండా హద్దు పెట్టుకునే వీలుంది. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ పెట్టుకున్న హద్దు, రాత్రి పదకొండున్నరకి నిన్ను కాపాడుతుంది. పదకొండున్నరకి పెట్టుకుందామంటే నీ చెయ్యి కదలదు.

ఇంకో నిజం కూడా మర్చిపోవద్దు. దాదాపు ప్రతి పందెంలోంచీ సైటు తన వాటా తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు, సాధారణంగా నూటికి ఐదు దాకా ఉంటుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పెట్టినదంతా కలిపితే, లేచేటప్పుడు అందరి దగ్గరా కలిపి అంతకంటే తక్కువే ఉంటుంది. అందుకే ఎక్కువమంది ఓడిపోతారు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ఆన్‌లైన్‌లో 86 డాలర్లతో మొదలుపెట్టి లాస్ వెగాస్‌లో ఒక టోర్నమెంటులో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ కథ విని లోకమంతా పోకర్ వెంట పడింది. ఆ టోర్నమెంటులో కూర్చున్నవాళ్లు 839 మంది. మిగతా 838 మంది కథలు ఎవరూ చెప్పుకోరు. నువ్వూ నేనూ ఆడేది ఆ 838 వైపు నుంచి. అందుకే దీన్ని సినిమా టికెట్టులా చూడాలి, జీతంలా చూడకూడదు.

ఇంతదాకా చెప్పింది ఆట ఆటగా ఉన్నవాళ్ల కోసం. అలా లేనివాళ్లకి వేరే చెప్పాలి. 

నీ ఆట సంగతి ఇంట్లో దాస్తున్నావా? ఎంత పోయిందని అడిగితే సగమే చెబుతున్నావా? పోయినదాన్ని రాబట్టడానికి అప్పు చేశావా, నగ తాకట్టు పెట్టావా? ఆడనప్పుడు చిరాకు, ఆడుతుంటేనే ప్రాణం కుదుటపడుతోందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా, ఇక నీ సమస్య దురదృష్టం కాదు. జూదపు వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టికలో చేర్చింది. జ్వరానికి సిగ్గుపడనట్టే దీనికీ సిగ్గుపడక్కర్లేదు. ఇక్కడ 1-800-గ్యాంబ్లర్ అనే ఫోన్ నంబరు ఉంది. న్యూజెర్సీలో ఏడాదికో ఐదేళ్లకో నన్ను ఆడనివ్వొద్దని మనమే పేరు రాయించుకోవచ్చు.

ఇక మన ఊళ్ల సంగతి. రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆటేనని 1967 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ఎక్కడిదో తెలుసా? సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుది. ఏ ముక్క పట్టుకోవాలి, ఏది పారెయ్యాలి అన్నదానికి బుర్ర కావాలన్నారు. నిజమే. ఆ మాటనే తర్వాత కంపెనీలు ఫోన్లలోకి తెచ్చి ఇంటింటా పంచాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఇప్పుడు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. ఇన్నేళ్లుగా కోర్టుల్లో వాదించుకున్నది ఆడే నైపుణ్యం గురించి. ఇళ్లు కూలిపోయింది ఆపే నైపుణ్యం లేక. ఈ రెండూ వేరు. మొదటిది ఎంతున్నా రెండోది లేకపోతే లేనట్టే.

పార్లమెంటు చేసిన ఆ చట్టం ఆడినవాళ్లకి శిక్ష వేయదు, ఆడించినవాళ్లకీ ప్రకటనలిచ్చినవాళ్లకీ వేస్తుంది. కాబట్టి మీ ఇంట్లో అబ్బాయో, భర్తో, మీరో ఇందులో ఇరుక్కుని ఉంటే భయపడి దాచకండి. 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

గంట మాట్లాడాక చెల్లి, "ఇంతకీ నాకు శని వదిలిందంటావా?" అని నవ్వింది. కింగు పడ్డాక అదే మొదటి నవ్వు. "లెక్క నేర్చుకో, అదే వదులుతుంది" అన్నాను.

చెల్లీ, ఇది చదువుతావని తెలుసు. వచ్చే ఆదివారం మళ్లీ ఫోన్ చెయ్యి. రివర్‌లో ఏ ముక్క పడిందో చెప్పక్కర్లేదు. ఎన్ని గంటలకి లాప్‌టాప్ మూశావో చెప్పు చాలు.